తడి ఉత్తరీయం కింద కాలిన భుజాలు

2022 ఏప్రిల్ మొదటి వారం. కొత్తపేటలో మా మందుల షాపు మెయిన్ రోడ్డు మీదే ఉంటుంది. శనివారం వచ్చిందంటే వాడపల్లి గుడికి వెళ్ళే జనంతో ఆ రోడ్డు పొద్దున్నే నిండిపోతుంది. ఆ రోజు ఓఆర్ఎస్ పొట్లాలు, కాళ్ళ నొప్పుల స్ప్రేలు ఎక్కువగా పోతాయి. మిగతా రోజుల్లో బీపీ, షుగరు, పిల్లల దగ్గు. ఎండకి కాలిన చర్మం కోసం మందు అడిగినవాళ్ళు అప్పటిదాకా నాకు తగల్లేదు. మా వైపు ఎండకి నల్లబడతారు, నీరసపడతారు, వడదెబ్బ తగిలి పడిపోతారు. కాలడం అనే మాట ఎవరూ అనరు.

గోడ మీద ఫ్రేము కట్టి ఉన్న ఫార్మసిస్టు సర్టిఫికెట్ నా భార్య పద్మది. నేను ఇంటర్‌తో ఆగినవాడిని. ఇరవై ఏడేళ్ళుగా కౌంటరు వెనక నిలబడి, డబ్బాల మీద అచ్చు చదివి, తెలియనిది పద్మని విసిగించి అడిగి నేర్చుకున్నదే నా చదువు. అంకెల పిచ్చి మాత్రం పుట్టుకతో వచ్చింది. పిల్లల సిరప్ ‘ఒక చెంచా’ అని చెబుతుంటే, ఏ చెంచా అని ఒకసారి అనుమానం వచ్చింది. మా వీధిలో పదకొండు ఇళ్ళ టీ చెంచాలు తెప్పించి కొలిచాను. ఒకదానిలో మూడు మిల్లీలీటర్లు పట్టింది, ఇంకోదానిలో ఏడు. ఆ రోజునుంచి మా షాపులో చెంచా అనే మాట మానేశాం, కొలత మూత చేతిలో పెట్టి గీత చూపిస్తాం. ఇంత జాగ్రత్త పడే నేనే ఒక చిన్న మాట దగ్గర తప్పు చేశాను. ఆ సంగతే ఇది.

ఒక సోమవారం పదకొండు గంటలకి ఒకాయన మెట్లు ఎక్కి వచ్చాడు. పాతికేళ్ళు ఉండవచ్చు. పంచె కట్టు, పిలక, మెడలో రుద్రాక్ష. జుట్టు, కనుబొమలు, రెప్పలు అన్నీ తెలుపు. వెలుతురుకి కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు, గుడ్లు నిలకడగా నిలవడం లేదు. ఉత్తరీయం భుజాలకి తగలకుండా రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు.

“కాలినదానికి ఏదైనా ఆయింట్‌మెంటు ఇవ్వండి.”

“ఏం కాలిందండీ? నూనె పడిందా?”

“ఎండండి.”

ఉత్తరీయం తీసి చూపించాడు. భుజాలు, వీపు పైభాగం దానిమ్మ గింజ రంగులో ఉన్నాయి. వేలు ఆనిస్తే వేడి తెలుస్తోంది. ఏం రాశారని అడిగాను.

“కొబ్బరినూనె అండి. బయల్దేరేముందు రాసుకున్నాను, వచ్చేక మళ్ళీ రాసుకున్నాను.”

“కొబ్బరినూనె ఎండని ఆపదండీ. నూనె రాసి ఎండలో పెడితే అప్పడమే వేగుతుంది కదా!”

ఆయన నొప్పిలోనే నవ్వాడు. “ఊళ్ళో నన్ను దొరబాబు అంటారండి. ఇవాళ్టినుంచి వేగిన దొరబాబు అనుకోవచ్చు.”

పేరు ఫణి. కె.గంగవరం దాటాక ఉన్న ఒక ఊరు. పౌరోహిత్యం వాళ్ళ ఇంటి వృత్తి. ఆయనకి ఉన్నది ఆల్బినిజం, అంటే చర్మానికి, జుట్టుకి, కళ్ళకి రంగునిచ్చే పదార్థం ఒంట్లో సరిగ్గా తయారు కాకపోవడం. పుట్టుకతో వచ్చేది, ఒకరినుంచి ఒకరికి అంటదు. మన చర్మంలో ఉన్న ఆ రంగే ఎండకి అడ్డు. ఆ అడ్డు లేనివాళ్ళకి గంటలో పడే దెబ్బ పది నిమిషాల్లో పడుతుంది. చూపు కూడా సరిగ్గా ఆనదు. బడిలో ముందు బెంచీలో కూర్చున్నా బోర్డు కనబడేది కాదట. వేదం అయితే చెవితో నేర్చుకోవచ్చని పెదనాన్నగారు తన దగ్గర కూర్చోబెట్టుకున్నారట. “పుస్తకం అక్కర్లేని చదువు నాకు అదొక్కటే దొరికిందండి” అన్నాడు.

పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, శంకుస్థాపనలు అన్నీ ఎండాకాలంలోనే. ఒంటి మీద చొక్కా ఉండదు. ముందురోజు కొత్త ఇంటి శంకుస్థాపనకి ఆరుబయట రెండు గంటలు కూర్చున్నాడు.

నేను చెప్పవలసినవి నాలుగు చెప్పాను. చల్లటి నీళ్ళలో పిండిన తడిగుడ్డ భుజాల మీద వేసుకోండి, ఐసు మాత్రం పెట్టకండి. మంట తగ్గడానికి ఈ లోషన్, నొప్పికి పారాసెటమాల్. నీళ్ళు బాగా తాగండి, పొక్కులు వస్తే చిదమకండి. ఇకనుంచి బయటికి వెళ్ళే ముందు ఈ సన్‌స్క్రీన్, అంటే ఎండని అడ్డుకునే క్రీము, రాసుకోండి.

నాలుగింటికీ ఆయన తల ఊపి, మా వైపు మర్యాదగా అవునండీ అనడానికి వాడే “ఆయ్” అన్నాడు. నాలుగు మాటలకి నాలుగు ఆయ్‌లు. నాకు తృప్తిగా అనిపించింది.

పన్నెండో రోజు ఆటో దిగాడు. ఈసారి పక్కన పెదనాన్నగారు ఉన్నారు. సుబ్బావధానిగారు, డెబ్బై దాటిన మనిషి, కర్ర ఊతం.

“ఏవయ్యా రాంబాబూ, నీ మందు మహత్యం చూడు. వెళ్ళినప్పుడు ఎర్రబడ్డ వీపు ఇప్పుడు బొబ్బలెక్కింది.”

బల్ల మీద కూర్చోబెట్టి చూశాను. వీపు నిండా శనగగింజంత పొక్కులు. జ్వరం నూరు దాటింది. పద్మ లోపలినుంచి వచ్చి చూసి, “ఇన్ని పొక్కులు, జ్వరం ఉన్నాయంటే డాక్టరు చూడాలి” అంది.

“డాక్టరు చూస్తాడమ్మా, చూసి ఎండలోకి వెళ్ళొద్దంటాడు. ఆ మాట నేనూ చెప్పగలను” అన్నారు అవధానిగారు. తరవాత గొంతు తగ్గించారు. “మా చేతిలో ఐదు ఊళ్ళు ఉన్నాయి. నా మోకాళ్ళు అయిపోయేయి. వైశాఖంలో మా ఊరి స్వామివారి కల్యాణం వీడి చేత చేయించి, అందరి ముందూ ఇకనుంచి వీడే అని చెప్పేద్దామనుకున్నాను. ఇంకా నాలుగు వారాలు లేదు. ఇలా కాలిపోయే మనిషిని ఎలా నిలబెట్టను? కల్యాణానికి ఇంకొకళ్ళని పిలిచేనంటే ఆ ఐదు ఊళ్ళూ వాళ్ళవే.”

ఫణి నేల చూస్తూ అన్నాడు. “నాకు మంత్రం తప్ప ఇంకేం రాదండి రాంబాబుగారూ. ఎండకి ఆగడు అన్న మాట ఒక్కసారి ఊళ్ళో పడిందంటే, నీడలో చేసే పనికి కూడా పిలవరు.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. సంచిలోంచి సన్‌స్క్రీన్ ట్యూబు తీయమన్నాను. మా షాపులో చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంది. కొత్త ట్యూబు ఒకసారి, ఇది ఒకసారి తూచాను. యాభై గ్రాముల్లో ఎనిమిది గ్రాములు వాడాడు. పన్నెండు రోజులకి ఎనిమిది అంటే రోజుకి గ్రాములో మూడింట రెండు వంతులు.

ఎస్‌పీఎఫ్ అని డబ్బా మీద ఒక అంకె ఉంటుంది. చర్మాన్ని కాల్చే ఎండని క్రీము ఎంత ఆపుతుందో చెప్పే లెక్క అది. ముప్పై అంటే ముప్పయ్యో వంతు లోపలికి వెళుతుంది, యాభై అంటే యాభయ్యో వంతు. నూటికి మూడు, నూటికి రెండు. తేడా ఆ ఒకటే. కానీ నిండుగా రాసినప్పుడే ఆ అంకె నిజం. చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా పెట్టుకున్న క్రీము ముఖానికి, మెడకి సరిపోతుంది. నడుము పైభాగం మొత్తానికి పదిహేను గ్రాములు కావాలి, అంటే రోజుకి ఒక్కసారి రాసినా ట్యూబు నాలుగు రోజులకి రాదు. ఈయన వాడినది ముఖానికి మాత్రం సరిపోయే లెక్క. ముఖం చూశాను. బాగానే ఉంది.

“భుజాలకి రాసుకోలేదా?”

“లేదండి. మొహానికే రాసేను.”

“ఎందుకని?”

“భుజాలకి మీరు తడిగుడ్డ చెప్పేరు కదండీ.”

ఒక క్షణం నాకు అర్థం కాలేదు. తరవాత తెలిసింది. కాలిన తరవాత, ఇంట్లో, చల్లబరచడానికి చెప్పిన తడిగుడ్డని ఈయన ఎండలోకి వేసుకెళ్ళాడు. వాళ్ళ ఇంట్లో అది వింత కూడా కాదు. స్నానం చేసి, తడిబట్ట కట్టుకుని కర్మకి కూర్చోవడం వాళ్ళ మడి. పైగా చల్లగా ఉంది. చల్లగా ఉంటే కాలదనుకోవడం ఎవరికైనా సహజం. ఆరినప్పుడల్లా చెంబులో నీళ్ళు చల్లుకుని మరీ వేసుకున్నాడట.

వీపు మళ్ళీ చూశాను. ఉత్తరీయం ఎడమ భుజం మీద మూడు మడతలుగా పడినచోట చర్మం తెల్లగానే ఉంది. ఒంటిపొరగా పరుచుకున్నచోట పొక్కులు. ఆయన ఉత్తరీయం అడిగి తీసుకుని, ఒక మాత్రల స్ట్రిప్పు మీద పరిచాను. అక్షరాలు కనబడలేదు. కుళాయి కింద తడిపి, పిండి, మళ్ళీ పరిచాను. మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ వరసగా చదవగలిగాను.

పద్మ పక్కనుంచి చూసి అంది. “మనకే ఇంత కనబడుతుంటే సూర్యుడికి కనబడదా?”

అవధానిగారి వైపు తిరిగి, “తప్పు నాదండి. తడిగుడ్డ వేసుకోమన్నాను గాని, నీడలో అని చెప్పలేదు” అన్నాను.

ఆయన తిడతారనుకున్నాను. కర్ర పిడి మీద రెండు చేతులూ పెట్టుకున్నారు. “నీకు చెప్పడం రాలేదు, వీడికి అడగడం రాలేదు. సరే. ఇప్పుడేం చేద్దాం?”

ఆ ప్రశ్నకి నాకంటే ముందు పద్మ కదిలింది. ఆమె అప్పటిదాకా ఫణి కుడిచెవి చూస్తోంది. చెవి అంచున పొలుసు కట్టిన మచ్చ ఒకటి, మినపగింజంత.

“ఇది ఎన్నాళ్ళయిందండీ?”

“మూడు నెలలుంటుంది అక్కయ్యగారూ. ఊడుతుంది, మళ్ళీ కడుతుంది.”

“ఇది మా కౌంటరు దగ్గర తేలేది కాదు. రేపే కాకినాడ వెళ్ళాలి.”

మర్నాడు నేనే తోడు వెళ్ళాను. చర్మవ్యాధుల డాక్టరుగారు పొక్కులకి మందు రాసి, చెవి మచ్చని భూతద్దంతో చాలాసేపు చూశారు. “ఇది క్యాన్సర్ కాదు. కానీ అటు వెళ్ళే దారిలో మొదటి మెట్టు. మంచి సమయానికి వచ్చారు” అని, అతి చల్లటి వాయువుతో ఆ మచ్చని అక్కడికక్కడే గడ్డకట్టించారు. ఫణి చెయ్యి నా మోచేతిని పట్టుకుని ఉంది, వదలలేదు. తడిబట్ట సంగతి అడిగితే, పల్చటి తెల్ల నూలు తడిస్తే ఎండని ఇంకా ఎక్కువ లోపలికి పంపుతుందని ఖాయం చేశారు. వరస చెప్పారు: ముందు నీడ, తరవాత దట్టమైన బట్ట, బట్ట అందనిచోట క్రీము, రెండు గంటలకోసారి, చెమటకి తుడుచుకుపోతే ఇంకా ముందే. ఆర్నెల్లకోసారి ఒళ్ళంతా చూపించుకోవాలి. పౌరోహిత్యం మానెయ్యమని మాత్రం ఆయన అనలేదు.

ఇక దట్టమైన బట్ట దగ్గర చిక్కు వచ్చింది. ఫుల్ చేతుల చొక్కా అన్నాను. “చొక్కా వేసుకుని కల్యాణం చేస్తాడా! స్వామివారు లేచి వెళ్ళిపోతారు” అన్నారు అవధానిగారు. క్రీము అన్నాను. “మడి కట్టుకున్నాక ఆ జిడ్డు ఏవిటి? అందులో ఏ జంతువు కొవ్వు ఉందో!” డబ్బా మీద ఉన్నవన్నీ చదివి వినిపించాను. మొదటి పేరు జింక్ ఆక్సైడ్. ఆయనకి ఆయుర్వేదం కొంత తెలుసు, అందులో జింకు పేరు యశదం. “యశదమా? యశదభస్మం మా నాన్నగారు పుటం పెట్టేవారు” అని కొంచెం మెత్తబడ్డారు. మిగతావి తయారు చేసినవాళ్ళనే ఫోనులో అడిగి, జంతువుల కొవ్వు లేదని తేల్చుకున్నాక ఒప్పుకున్నారు. స్నానం కాగానే క్రీము, అది ఆరాక మడి. అంతదాకా వచ్చాం.

“ఇంట్లో ఉన్న ఉత్తరీయాలన్నీ ఒకసారి తీసుకురండి” అన్నాను.

రెండు రోజుల తరవాత మూట కట్టి తెచ్చారు. షాపు గుమ్మంలో ఎండకి అడ్డంగా ఒక్కొక్కటే పట్టుకున్నాను. నూలువి నాలుగూ జల్లెళ్ళు. పట్టుది ఫరవాలేదు గాని చిన్నది, భుజాలు దాటదు. అడుగున ముదురు ఎరుపు రంగులో ఒక బరువైన బట్ట ఉంది. ఎండకి పట్టుకుంటే ఒక్క చుక్క వెలుతురు ఇవతలికి రాలేదు.

“ఇదేమిటండీ?”

“ధావళి. మా నాన్నగారిది. ఉన్నిబట్ట. పెట్టెలో పడుంది, అన్నిటితో పాటు వచ్చేసినట్టుంది.”

“దీన్ని తడపాలా?”

అవధానిగారు ఆ ప్రశ్నకి నా మొహంలోకి చూశారు. “అక్కర్లేదు. నూలుకే తడి. ధావళి పొడిగానే మడి.” ఆ మాట పూర్తి చేస్తూనే కర్ర గోడకి ఆనించి, ఆ బట్ట నా చేతిలోంచి తీసుకుని, స్వయంగా ఫణి భుజాల మీద కప్పారు. మెడనుంచి మోచేతులదాకా వచ్చింది. “మా నాన్నగారు వైశాఖంలో కూడా ఇది కప్పుకు తిరిగేవారు. చాదస్తం అనుకునేవాణ్ణి” అన్నారు.

“ఉక్కగా ఉంటుందేమో పెదనాన్నగారూ.”

“చెమట తుడుచుకోవచ్చురా. బొబ్బ తుడుచుకోగలవా?”

ఉక్క తక్కువ మాట కాదు. ఉన్ని కప్పుకుని ఎండలో గంటలకొద్దీ నిలబడితే వడదెబ్బ తగులుతుంది. కాబట్టి ఎండ గంటలు తగ్గించాలి. మా డాబా మీద మీటరు కర్ర నిలబెట్టి మూడు రోజులు నీడ కొలిచాను. నీడ మన ఎత్తుకంటే పొట్టిగా ఉన్నంతసేపూ ఎండ తీవ్రమని లెక్క. మే నెలలో మా కొత్తపేటలో ఉదయం ఎనిమిది యాభైకి నీడ మీటరుకి సరిగ్గా సమానమైంది. ఆ తరవాత పొట్టిదై, మళ్ళీ మీటరుకి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటి ఎనిమిది నిమిషాలు. మామూలు మనిషికి ఆ మధ్యకాలం జాగ్రత్త చాలు. ఫణికి ఆ ముందూ వెనకా కూడా బట్ట, క్రీము ఉండాలి. ఆ మధ్యలో మాత్రం ఆరుబయట నిలబడనే కూడదు.

ఈ అంకెలు కాయితం మీద రాసి ఇస్తే అవధానిగారు పంచాంగం తెరిచి, కల్యాణం రోజు పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నారు. “రోజూ వర్జ్యం చూస్తాం, దుర్ముహూర్తం చూస్తాం. వీడికి ఇదొక వర్జ్యం. ముహూర్తం కదపలేను, అది పందిట్లోనే. ఎదురుకోలు పొద్దున్న ఏడింటికి మారుస్తాను, ఊరేగింపు సాయంత్రం నాలుగు దాటేక.”

కల్యాణానికి పద్మా నేనూ వెళ్ళాం. నాకు దేవుడి మీద ఎంత గురి ఉందో, గడియారం మీద అంత గురి ఉంది ఆ రోజు. ఏడింటికి ఎదురుకోలు మొదలైంది. ఎర్ర ధావళి కప్పుకుని, అంచు వెడల్పున్న గొడుగు కింద ఫణి మంత్రం అందుకున్నాడు. షాపులో నేల చూస్తూ మాట్లాడిన మనిషి గొంతేనా అనిపించింది. ఎవరో వెనకనుంచి, “స్వామికి గొడుగు సరే, దొరబాబుకి కూడానా?” అన్నారు. కొందరు నవ్వారు.

అవధానిగారు కుర్చీలోంచి వెనక్కి తిరగకుండానే అన్నారు. “స్వామికి ఎండ తగలదురా, వీడికి తగులుతుంది. ఇవాళ్టినుంచి మీ ఇళ్ళలో శుభం పలికే గొంతు అది. గొడుగు నువ్వు పట్టు, పుణ్యం వస్తుంది.”

ఆ మాట అన్నతనే ముందుకొచ్చి గొడుగు కర్ర అందుకున్నాడు.

రాత్రి అవుతుండగా ఊరేగింపు అయ్యాక ఫణి భుజాలు చూశాను. వీపు తెల్లగా ఉంది. మెడ వెనక, ధావళి జారి, చెమటకి క్రీము పోయినచోట రూపాయి బిళ్ళంత ఎరుపు. ఒక్కటే. చల్లటి తడిగుడ్డ వేసుకోమన్నాను. నాలుక కరుచుకుని, “ఇంట్లో, నీడలో, పావుగంట” అని చేర్చాను. అందరం నవ్వుకున్నాం.

అప్పుడు అవధానిగారు అడిగారు. “ఏవయ్యా, ఆ మొదటిరోజు తడిగుడ్డ మాట మా వాడికి ఎన్నిసార్లు చెప్పేవు?”

“ఒకసారండి.”

“వాడు తిరిగి ఎన్నిసార్లు అన్నాడు?”

“అనలేదండి. ఆయ్ అన్నాడు.”

“మా దగ్గర ఆయ్ చెల్లదయ్యా. సంత చెప్పడం అంటాం మేం. గురువు ఒకసారి అంటే శిష్యుడు రెండుసార్లు తిరిగి అనాలి. స్వరం ఎక్కడ తప్పిందో అప్పుడు తెలుస్తుంది. తల ఊపితే ఏం తెలుస్తుంది?”

నేను కొలత మూతలు ఇచ్చాను, ట్యూబులు తూచాను, నీడలు కొలిచాను. ఎదుటివాడి చెవిలో నా మాట ఎంత పడిందో మాత్రం ఇరవై ఏడేళ్ళలో ఒక్కరోజు కొలవలేదు. మా వైపు మర్యాద ఎక్కువ. అర్థమైనా ఆయ్, కాకపోయినా ఆయ్. ఎదురు ప్రశ్న వేస్తే పెద్దమనిషిని చిన్నబుచ్చినట్టు. ఆ ఆయ్‌ని రసీదు అనుకోవడం నా పొరపాటు.

ఇప్పుడు మందు కవరు చేతికిచ్చే ముందు, “ఏం చెయ్యాలో ఒకసారి నాకు చెప్పండి” అంటాను. మొదట్లో కొందరు నొచ్చుకున్నారు, “ఆ మాత్రం తెలీదేటండీ” అన్నారు. చెప్పించాక మాత్రం నూటికి ఎంతమందికి ఒక మాటైనా తిరగబడి ఉందో చూసి నేనే కంగారు పడ్డాను. ఆ అంకె మాత్రం ఎక్కడా రాసి పెట్టలేదు. నా తప్పుల లెక్క అది.

ఫణి ఇప్పుడు ఆ ఐదు ఊళ్ళకీ వెళ్ళి వస్తున్నాడు. ఆర్నెల్లకోసారి కాకినాడ తప్పడం లేదు. చెవి మీద మచ్చ మళ్ళీ రాలేదు. మొన్న ఎండలు మొదలవగానే క్రీము కోసం వచ్చాడు. ఈసారి కొత్త రకం, రాసే పద్ధతి కొంచెం వేరు. చెప్పడం పూర్తి చేసి, అలవాటు ప్రకారం ఆయన మొహంలోకి చూశాను. ఆయ్ అనలేదు. కళ్ళు మూసుకుని, నేను చెప్పినది చెప్పినట్టు, వరస తప్పకుండా, రెండుసార్లు అప్పజెప్పాడు.